పాత సర్వరునకు పొసగు మెమరీ

క్రొత్త వస్తువును కొనుటకు ధనమున్న చాలును. పాత వస్తువును మంచి స్థితిలో నిలుపుకొని వాడుకొనుటకు ధనముతోపాటు తెలివియు ఓపికయు కావలెను. గోడ గడియారమునకు ముల్లు విఱిగినను, కుట్టు మిషనుకు సూది పోయినను, సైకిలునకు గొలుసు తెగినను, బజారులో దొరకిన దేదో యొకటి తెచ్చి తగిలించిన పని జరుగదు. ఆ యంత్రము ఎవరు చేసినది, ఏ సంవత్సరపుది, ఏ కొలతది అని విచారించి తేవలెను. పాఠశాలలలోను చిన్న కచేరీలలోను నేటికిని పనిచేయుచున్న పాత సర్వరులకు మెమరీని వెదకుటయు నట్టి పనియే.

ఈ పనిలో మోసపోవుటకు ముఖ్య కారణ మొకటి కలదు. మెమరీ మాడ్యూలు స్లాటులో చక్కగా పట్టును; పట్టెను గనుక పనిచేయునని మనము నమ్ముదుము. కాని పట్టుట వేఱు, పొసగుట వేఱు. స్లాటులో పట్టినదెల్ల యంత్రమునకు పొసగదు. ఈ భేదమును తెలిసికొనుటకు చేయవలసిన పరీక్షలను మేమీ వ్యాసమున క్రమముగా వివరింపనెంచితిమి. పై తరగతుల విద్యార్థులు దీనిని పాఠముగా చదివి, చివర నున్న ప్రశ్నలకు జవాబులు వ్రాయుదురుగాక. తలిదండ్రులకును ఇంటి కంప్యూటరు విషయమున ఇందలి కొన్ని సంగతులు ఉపకరింపగలవు.

1. మెమరీ చేయు పని

సర్వరనగా ఒకరి కొఱకు గాక అనేకుల కొఱకు ఒకే పర్యాయము పనిచేయు కంప్యూటరు. దానిలో మెమరీ చేయు పనిని తెలిసికొనుటకు చదువుకొను బల్లను తలచుకొనుడు. విద్యార్థి పుస్తకములన్నియు బీరువాలో నుండును. ఆ పూట చదువవలసినవి మాత్రమే బల్లమీదికి తెచ్చుకొనును. బీరువా వంటిది డిస్కు. బల్ల వంటిది మెమరీ. బల్ల మిక్కిలి చిన్నదైనచో, క్రొత్త పుస్తకమొకటి తెఱచుటకు ముందున్న పుస్తకమును మూసి బీరువాలో పెట్టి రావలెను. అప్పుడు చదువుకంటె నడకయే యెక్కువ యగును. మెమరీ చాలని సర్వరు మందగించుటకు కారణ మిదియే. దాని బుద్ధి తగ్గలేదు, బల్ల చాలలేదు.

నేటి మెమరీకి మూలమైన కణమును ఐబీఎమ్ సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డు కనిపెట్టెను. 1968లో దానికి పేటెంటు లభించెను. ఒక్కొక్క కణములో ఒక ట్రాన్సిస్టరును ఒక కెపాసిటరును ఉండును. కెపాసిటరు చిన్న కుండ వంటిది. అది విద్యుత్తుతో నిండియున్నచో 1 అనియు, వెలితిగా నున్నచో 0 అనియు చదువుదురు. కాని యిది చిల్లికుండ. నింపిన విద్యుత్తు కాఱిపోవుచునే యుండును. అందువలన సాధారణముగా 64 మిల్లీసెకనులలో, అనగా సెకనునకు 15 పర్యాయములకు పైగా, ప్రతి కుండను చూచి మరల నింపవలెను. విద్యుత్తు ఆగిన క్షణములలోనే కుండలన్నియు వట్టిపోవును. మనము వ్రాసిన దానిని డిస్కులో భద్రపఱచవలయునని ఉపాధ్యాయులు మాటిమాటికి చెప్పుట కిదియే కారణము.

2. సర్వరు మెమరీకి గల విశేషము

ఇంత చిన్న కుండలోని విద్యుత్తు అల్పమైన తాకిడికిని చెదరును. 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన మే, వుడ్స్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు, చిప్పును కప్పియుంచు పదార్థములో నతిస్వల్పముగా నుండు రేడియోధార్మిక ధాతువులనుండి వెలువడు ఆల్ఫా కణములు మెమరీలోని 1ని 0గా, 0ను 1గా మార్చగలవని చూపిరి. అంతరిక్షమునుండి వచ్చు కిరణముల వలనను, చిప్పులోని లోపముల వలనను కూడ ఇట్టి తప్పులు కలుగును. 2009లో టొరాంటో విశ్వవిద్యాలయమువారును గూగుల్ సంస్థవారును కలిసి, ఆ సంస్థ సర్వరులను పరిశీలించి వ్యాసమొకటి ప్రకటించిరి. ఒక సంవత్సర కాలములో నూటికి 8కి మించిన మాడ్యూలులలో ఒక తప్పైనను కనబడెనని వారు తేల్చిరి. ఇది యరుదైన సంగతి కాదు.

ఒక్క అంకె మారిన నేమి యగునని విద్యార్థులడుగవచ్చును. కంప్యూటరు 35 అను సంఖ్యను 100011 అని వ్రాయును; అనగా 32, 2, 1 కలిసినది. మొదటి 1 చెదరి 0 అయినచో మిగులునది 000011, అనగా 3. ఉత్తీర్ణుడైన బాలుని 35 మార్కులు, ఎవరును చేయి పెట్టకయే, 3 మార్కులగును! యంత్రము చప్పుడు చేయదు, ఆగదు, హెచ్చరింపదు. తప్పు లెక్కనే నిజమైన లెక్కగా డిస్కులో వ్రాసికొనును.

దీనికి మార్గము చూపినవాడు అమెరికా దేశమున బెల్ లాబొరేటరీలో పనిచేసిన రిచర్డ్ హామింగు. తప్పు కనబడినపుడు ఆనాటి యంత్రము అతని లెక్కను విడిచిపెట్టి మఱియొకదానికి పోవుచుండెను. తప్పున్నదని గుర్తింపగల యంత్రము, అది యెచ్చట నున్నదో గుర్తించి తానే యేల దిద్దుకొనరాదని అతడు విచారించి, 1950లో తన పద్ధతిని ప్రకటించెను. అసలు అంకెలతోపాటు కొన్ని కాపలా అంకెలను చేర్చుటయే దాని సారాంశము.

ఎన్ని కాపలా అంకెలు కావలెను? అసలు అంకెలు 64 అనుకొందము. తప్పు ఈ 64లో నైనను, కాపలా అంకెలలో నైనను కలుగవచ్చును. అసలు తప్పే లేకపోవచ్చును. ఈ స్థితులన్నిటికిని వేర్వేఱు గుర్తులు కావలెను. కాపలా అంకెలు 6 అయినచో గుర్తులు 64 మాత్రమే. స్థితులో 64, 6, 1 కలిసి 71. చాలవు. కాపలా అంకెలు 7 అయినచో గుర్తులు 128, స్థితులు 72. చాలును. రెండు తప్పులొక్కమాఱు కలిగినపుడు మోసపోకుండుటకు ఇంకొకటి చేర్చుదురు. మొత్తము 8. ఈ విధముగా 64కు 8 చేరి 72 అయినది. ఒక తప్పును దిద్దును. రెండు తప్పులను పసిగట్టి హెచ్చరించును. దీనికే ఈసీసీ యని పేరు. సాధారణపు ఇంటి కంప్యూటరు మెమరీకి 64 తీగలును, ఈసీసీ మెమరీకి 72 తీగలును ఉండుటలోని రహస్య మిదియే.

3. ఐదు పరీక్షలు

పాత సర్వరునకు మాడ్యూలును ఎంచునపుడు ఐదు సంగతులను ఒకదాని వెంట నొకటి పరీక్షింపవలెను. ఒకదానిలో తప్పినను తక్కిన నాలుగును వ్యర్థము.

మొదటిది తరము. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనునవి వేర్వేఱు తరములు. డీడీఆర్2 మాడ్యూలునకు 1.8 వోల్టులు, డీడీఆర్3కు 1.5 వోల్టులు, డీడీఆర్4కు 1.2 వోల్టులు, డీడీఆర్5కు 1.1 వోల్టు కావలెను. మొదటి రెంటికిని 240 పిన్నులు, కడపటి రెంటికిని 288 పిన్నులు. పిన్నుల సంఖ్య యొకటే యైనను, అంచునగల గంటు వేర్వేఱు చోట్ల నుండును గనుక ఒక తరమునది మఱియొక తరపు స్లాటులో పట్టదు. బలవంతముగా నొక్కిన విఱుగును. క్రొత్త తరము మేలైనదని పాత సర్వరునకు తెచ్చుటవలన లాభములేదు. డీడీఆర్3ఎల్ అనునది మాత్రము 1.35 వోల్టులకు చేయబడినను 1.5 వోల్టులకును తట్టుకొనును.

రెండవది జాతి. మోసమెక్కువగా జరుగునది యిచ్చటనే. డీడీఆర్3లో యు, ఈ, ఆర్, ఎల్ అని నాలుగు జాతులు వాడుకలో నున్నవి. యు అనునది ఈసీసీ లేని సాధారణ మాడ్యూలు. ఈ అనునది ఈసీసీ గలది, కాని రిజిస్టరు లేనిది. ఆర్ అనునది ఈసీసీయు రిజిస్టరును గలది. ఎల్ అనునది భారమును తగ్గించు ప్రత్యేకపు చిప్పులు గలది. ఈ నాలుగింటికిని గంటు ఒకేచోట నుండును. నాలుగును ఒకే స్లాటులో పట్టును!

రిజిస్టరనగా నేమో చెప్పుదుము. ఉపాధ్యాయుడు నలుబదిమంది గల గదిలో మెల్లగా మాటాడిన ముందు వరుసలకే వినబడును. తరగతి మానిటరు ఆ మాటను అందుకొని మరల బిగ్గరగా చెప్పినచో వెనుక బల్లకును వినబడును. ఉపాధ్యాయునికి గొంతు నొప్పియుండదు. మెమరీలోని రిజిస్టరు అట్టి మానిటరు. ప్రాసెసరు ఇచ్చు ఆజ్ఞలను తానందుకొని చిప్పులన్నిటికిని పంచును. ఎల్ జాతిలోనైతే ఆజ్ఞలనే గాక సమాచారమును కూడ మధ్యనున్న చిప్పులే అందించును. మానిటరున్న తరగతిని మానిటరు లేని తరగతిని ఒకే రీతిని నడుపరాదు; కావుననే ఈ జాతులను ఒకే యంత్రములో కలుపరాదు.

మూడవది ర్యాంకు. ఒకే పిలుపునకు ఒక్కమాఱు జవాబు చెప్పు చిప్పుల వరుసకు ర్యాంకని పేరు. ఒక మాడ్యూలులో 1, 2 లేక 4 ర్యాంకులుండవచ్చును. ఒక్కొక్క చిప్పు 4 అంకెల నిచ్చునదైనచో ×4 అనియు, 8 అంకెల నిచ్చునదైనచో ×8 అనియు వ్రాయుదురు. ఈసీసీ మాడ్యూలులో ×4 అయినచో ర్యాంకునకు 72ను 4చే భాగింపగా 18 చిప్పులు. ×8 అయినచో 9 చిప్పులు. ప్రాసెసరు ఒక ఛానలులో ఇన్ని ర్యాంకులను మాత్రమే మోయగలదని హద్దు కలదు. మాడ్యూలులు తక్కువైనను ర్యాంకులు హద్దు మీఱిన పనిచేయదు.

నాలుగవది వేగము. పీసీ3-10600 అను గుర్తులోని 10600 సెకనునకు ఇన్ని మిలియను బైటులని తెలుపును. దానిని 8చే భాగింపగా సుమారు 1333 వచ్చును, అదే డీడీఆర్3-1333. అట్లే పీసీ3-8500 అనగా 1066, పీసీ3-12800 అనగా 1600. మాడ్యూలు ఎంత వేగముగలదైనను, ప్రాసెసరు అనుమతించిన వేగముననే నడచును. వేర్వేఱు వేగములవి కలిసినచో నెమ్మదియైన దాని వేగముననే అన్నియు నడచును. ఎద్దుల జతలో నొకటి మెల్లగా నడచిన బండి దాని నడకనే పోవును గదా!

ఐదవది అమరిక. ఏ స్లాటులో ముందు పెట్టవలెను, ఏవి సమానముగా నుండవలెను అను నియమములు ఒక్కొక్క సర్వరునకు వేఱు. ఇవి తయారీదారుల పుస్తకములో మాత్రమే దొరకును. ఊహతో తేలునవి కావు.

4. లేబులును చదువుట

ప్రతి మాడ్యూలు పైనను చిన్న కాగితపు లేబు లుండును. ఉదాహరణకు దానిపై 8 జీబీ 2ఆర్×4 పీసీ3ఎల్-10600ఆర్ అని యున్నదనుకొందము. 8 జీబీ దాని పరిమాణము. 2ఆర్ అనగా రెండు ర్యాంకులు. ×4 అనగా నాలుగంకెల చిప్పులు. పీసీ3 అనగా మూడవ తరము. దాని ప్రక్కనున్న ఎల్ తక్కువ వోల్టులను తెలుపును. 10600 వేగము. చివరి ఆర్ జాతి. తరము, జాతి, ర్యాంకు, వేగము అను నాలుగు పరీక్షలకును జవాబు ఈ యొక్క పంక్తిలోనే యున్నది.

ఒక జాగ్రత్త చెప్పవలెను. ఎల్ అను అక్షరము పీసీ3 ప్రక్కన నున్న వోల్టుల గుర్తు. సంఖ్యకు చివర నున్న జాతి గుర్తు. ఈ రెంటిని కలిపి తికమకపడరాదు. లేబులు చినిగిపోయినచో తయారీదారుని సంఖ్యను చూడవలెను. శామ్‌సంగ్ వారి డీడీఆర్3 మాడ్యూలులలో ఎమ్393 అని మొదలైనది ఆర్ జాతి, ఎమ్391 ఈ జాతి, ఎమ్378 యు జాతి, ఎమ్386 ఎల్ జాతి.

సర్వరులో నిప్పుడున్న మాడ్యూలులను విప్పకయే చూచుటకును ఉపాయము కలదు. లినక్సులో డిఎమ్‌ఐడీకోడ్ అను సాధనము ప్రతి స్లాటులో నేమున్నదో, దాని పరిమాణ మెంతో, తయారీదారుని సంఖ్య యేమో వరుసగా వ్రాసి చూపును. ప్రతి మాడ్యూలులోను తన గుణములను తానే చెప్పుకొను చిన్న చిప్పొకటి యుండుటచేత నిది సాధ్యమగుచున్నది.

5. నాలుగు పొట్లములు

ఇంతవరకు చెప్పిన నియమములను మన పాఠశాల సర్వరు విషయమున నెట్లు ప్రయోగించితిమో యిక చూడుడు. అది డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710. 2009లో వెలువడిన రకము. రెండు ప్రాసెసరులును జియాన్ ఈ5620. దానిలో 2 జీబీ మాడ్యూలులు ఆఱు, మొత్తము 12 జీబీ యుండెను. గ్రంథాలయపు పట్టిక, మార్కుల పుస్తకములు, పాఠముల చిత్రములు అన్నియు దానిపైననే నడచుచుండెను. కంప్యూటరు గదిలో నలుబదిమంది పిల్లలొక్కమాఱు కూర్చుండినపుడు అది డిస్కునకు మెమరీకి మధ్య నడచుటలోనే కాలము గడపుచుండెను. పూర్వ విద్యార్థులు చందా వేసికొని కొంత సొమ్ము పంపిరి. ఆ సొమ్ము ఒక్కమాఱు కొనుటకే చాలును. తప్పు కొనినచో మరల కొనుటకు లేదు.

మొదట మేము యంత్రపు పుస్తకమును చదివితిమి. ఆర్710లో 18 స్లాటులు కలవు. ఒక్కొక్క ప్రాసెసరునకు తొమ్మిది: మూడు ఛానలులు, ఛానలునకు మూడు స్లాటులు. మొదటి ప్రాసెసరు స్లాటులకు ఏ1 మొదలు ఏ9 వఱకు, రెండవదానివానికి బీ1 మొదలు బీ9 వఱకు పేర్లు. ఏ1, ఏ4, ఏ7 ఒక ఛానలు. ఏ2, ఏ5, ఏ8 మఱియొకటి. ఏ3, ఏ6, ఏ9 మూడవది. ప్రతి ఛానలులో మొదటి స్లాటునకు తెల్లని మీటలుండును. ఆర్ జాతియు ఈ జాతియు పనికివచ్చును గాని రెంటిని కలుపరాదు. ఛానలునకు ఎనిమిది ర్యాంకులు హద్దు. ఛానలులో మూడు మాడ్యూలులు పెట్టినచో వేగము 800కు తగ్గును. ఈ5620 ప్రాసెసరు 1066కు మించి మెమరీని నడుపదు.

పాత సామాను అమ్మువాడొకడు నాలుగు పొట్లములు చూపి, డీడీఆర్3 అయినచో అన్నియు నొకటేయనియు, అన్నియు స్లాటులో పట్టుననియు చెప్పెను. పట్టునను మాట నిజమే. మేము ఒక్కొక్క పొట్లపు లేబులును వ్రాసికొని వచ్చి, విద్యార్థుల యెదుట నల్లబల్లపై వ్రాసి పరీక్షించితిమి.

మొదటి పొట్లము: 4 జీబీ 2ఆర్×8 పీసీ3-10600యు. వెల తక్కువ. తరము సరియే. కాని జాతి యు, ఈసీసీ లేదు. ఆర్710 దీనిని అంగీకరింపదు. అంగీకరించు యంత్రమున్నను మార్కుల పుస్తకమును దానికి అప్పగింపరాదు. 35 మార్కుల కథను మఱువకుడు. తిరస్కరించితిమి.

రెండవ పొట్లము: 32 జీబీ 4ఆర్×4 పీసీ3ఎల్-10600ఎల్. ఒక్కటి పెట్టిననే సర్వరులోని మెమరీ అంతటిని మించును. కాని చివరి అక్షరము ఎల్. ఈ జాతిని 2012లో వెలువడిన జియాన్ ఈ5-2600 వరుస ప్రాసెసరులు గల సర్వరులు, ఆర్720 వంటివి, వాడుకొనగలవు. ఆర్710లో పట్టును, పొసగదు. తిరస్కరించితిమి.

మూడవ పొట్లము: 16 జీబీ 4ఆర్×4 పీసీ3-8500ఆర్. జాతి సరియే, తరము సరియే. వేగము 1066, మన ప్రాసెసరు నడపునదియు నంతే. ఐనను ర్యాంకులు నాలుగు. ఛానలునకు ఇట్టివి రెండు పెట్టిన ఎనిమిది ర్యాంకులై హద్దు నిండును. మూడవ స్లాటు ఖాళీగా నుంచవలసినదే. రెండు పెట్టినపుడు వేగమును 800కు తగ్గును. ఇది పనిచేయునది యగుటచేత తప్పు పట్టలేదు. కాని మనకు కావలసిన దానికంటె ఎక్కువ, చందా సొమ్ముకును మించినది.

నాలుగవ పొట్లము: 8 జీబీ 2ఆర్×4 పీసీ3ఎల్-10600ఆర్. ఆర్ జాతి, రెండు ర్యాంకులు. 1333 వేగముగలదైనను మన యంత్రములో 1066కు నడచును, హాని లేదు. దీనికంటె వేగముగల దానికి ఎక్కువ వెల యిచ్చుట వృథా. ఆఱింటిని కొంటిమి.

పాత 2 జీబీ మాడ్యూలులను పాఱవేయవలసిన పని లేకపోయెను. వానిపై 2ఆర్×8 పీసీ3-10600ఆర్ అని యున్నది. అనగా అవియు ఆర్ జాతివే. ఒక ఛానలులో వేర్వేఱు పరిమాణములవి ఉండవచ్చును గాని, ఛానలులన్నియు ఒకే తీరున నుండవలెనని నియమము. పెద్దవానిని తెల్లని మీటలుగల ఏ1, ఏ2, ఏ3, బీ1, బీ2, బీ3 స్లాటులలోను, పాతవానిని ఏ4, ఏ5, ఏ6, బీ4, బీ5, బీ6 స్లాటులలోను అమర్చితిమి. ఛానలునకు ర్యాంకులు రెండును రెండును నాలుగు. మొత్తము మెమరీ 48కి 12 చేరి 60 జీబీ అయినది. వేగము తగ్గలేదు.

6. అమర్చుట, పరీక్షించుట

యంత్రమును తెఱచుటకు ముందు అందలి లెక్కలన్నిటికిని వేఱొకచోట ప్రతి తీసి యుంచవలెను. పిదప సర్వరును క్రమముగా ఆపి, విద్యుత్ తీగలను రెంటిని ఊడదీయవలెను. ఆర్710 వంటి యంత్రములకు తఱచుగా రెండు పవరు సప్లైలుండును, ఒకటి తీసిన చాలదు. మన దేహముమీది స్థిర విద్యుత్తు చిప్పులను చంపగలదు గనుక మణికట్టునకు భూమితో కలిసిన పట్టీ కట్టుకొనవలెను. మాడ్యూలును అంచులతో పట్టుకొనవలెనే గాని బంగారు పూత గల పిన్నులను తాకరాదు. గంటును సరిచూచి, రెండు కొనలను బొటనవ్రేళ్లతో సమానముగా నొక్కిన మీటలు తామే మూసికొనును. గాలిని నడపు మూతను మరల పెట్టకుండ యంత్రమును నడుపరాదు.

అన్నిటిని ఒకేమాఱు పెట్టక, మొదట క్రొత్తవానిని మాత్రమే పెట్టి చూచుట మంచిది. తప్పు కలిగినచో ఎవనివలన కలిగినదో వెంటనే తెలియును. మెమరీ మారినదని యంత్రమే తెలుపును. లెక్క సరిపోయినదో లేదో చూడవలెను. లెక్క సరిపోయినంత మాత్రమున పని ముగియలేదు. మెమ్‌టెస్ట్86+ అను పరీక్షను ఒక రాత్రియంతయు నడుపవలెను. తరువాత కొన్ని దినములు సర్వరు తన చిట్టాలో తప్పులేమైన వ్రాసికొనుచున్నదేమో చూచుచుండవలెను.

ఒకే స్లాటులో మాటిమాటికి తప్పులు కనబడినచో ఎట్లు? ఆ మాడ్యూలును మంచిదానితో చోటు మార్చవలెను. తప్పు మాడ్యూలు వెంట పోయినచో దోషము మాడ్యూలుది. స్లాటులోనే నిలిచినచో దోషము స్లాటుదో ప్రాసెసరుదో యగును. ఒక్కమాఱు ఒక్క సంగతినే మార్చి ఫలమును చూచుట శాస్త్రమున మూలసూత్రము. ప్రయోగశాలలో లవణములను పరీక్షించునపుడు మీరు చేయుపనియు నిదియే.

పాడైన మాడ్యూలును చెత్తకుండీలో వేయరాదు. మన దేశమున 2022లో ప్రకటింపబడి 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములను బట్టి, అట్టివానిని నమోదైన రీసైక్లింగు వారికే అప్పగింపవలెను.

7. చివరి మాట

పాత సర్వరు క్రొత్తదానికంటె విద్యుత్తు నెక్కువగా తినును, ఎల్లకాలము నిలువదు. ఈ సంగతిని దాచుట మా యుద్దేశము కాదు. ఐనను మరికొన్ని సంవత్సరములు పనిచేయగల యంత్రమును, దానికి కావలసిన దేమో తెలిసికొనుటకు ఓపిక లేక, పాఱవేయుట తగదు. అటులనే పరుల చందా సొమ్మును అమ్మువాని మాటమీద ఖర్చు చేయుటయు తగదు. యంత్రపు పుస్తకమును చదువుడు, లేబులును చదువుడు, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు, అటుపిమ్మట కొనుడు. నాలుగు పొట్లములలో మూడింటిని విడువగలిగినది బుద్ధిబలము చేత కాదు. చదివి చూచుట చేతనే.

అభ్యాస ప్రశ్నలు

1. అసలు అంకెలు 128 అయినచో, ఒక తప్పును దిద్ది రెండు తప్పులను పసిగట్టుటకు కాపలా అంకెలెన్ని కావలెను?

2. ఈసీసీ గల 4ఆర్×8 మాడ్యూలులో మెమరీ చిప్పులెన్ని యుండును?

3. పీసీ3-14900 అని వ్రాసియున్న మాడ్యూలు సుమారు ఏ వేగము గలది? దానిని మన సర్వరునకు కొనుట లాభమా, వృథాయా? కారణము వ్రాయుడు.

4. ఆర్710లో ఒక ఛానలునందు నాలుగు ర్యాంకుల మాడ్యూలులు రెండున్నవి. మూడవ స్లాటులో రెండు ర్యాంకుల మాడ్యూలును పెట్టవచ్చునా?

5. 40 మార్కులను 1లతోను 0లతోను వ్రాసి, అందు మొదటి 1 చెదరినచో ఎన్ని మార్కులు మిగులునో చెప్పుడు.